కంప అడ్డం పెట్టిన ఇళ్లు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకు గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడి సర్వే అని పిలిచింది. చేతిలో పలకంత ఫోను, మెడలో కార్డు, నెత్తిన ఎండకు కప్పుకున్న చున్నీ. ప్రొద్దుటూరు ఎండలో తిరగడం ఎంత కష్టమో నాకు ఒకరు చెప్పాలా, లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాను. ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగింది. ఒక్కదాన్నే అన్నాను. షుగరు, బీపీ, మోకాళ్లు, కళ్లు, అన్నీ వరసగా అడిగి వేలితో టకటకా నొక్కుకుంది. తరవాత పక్క వాటాకు పోయి, తలుపుకున్న తాళం చూసి, అక్కడ కూడా ఏదో ఒకటి నొక్కేసి ముందుకు సాగబోయింది.

ఆ వాటాలో ఉండేది పొద్దున్నే క్యారియరు పట్టుకొని, బిడ్డను చంకనేసుకొని కూలికి పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చే మొగుడూ పెళ్లాలు. ఆ బిడ్డ దగ్గు గోడ ఇవతలకు నాకు వినిపిస్తూనే ఉంటుంది. ఆ పిల్లను కేకేసి, ఆ ఇంట్లో మనుషులున్నారమ్మా, పొద్దుగూకినాక వస్తే కనపడతారు అని చెప్పాను. "మళ్లీ వస్తాలే అవ్వా" అని నవ్వి వెళ్లిపోయింది. ఆ పిల్ల నన్ను అవ్వా అనడం, తాళం వేసిన తలుపు ముందు నుంచి అలా నడిచి వెళ్లిపోవడం, ఈ రెండూ కలిసి ఆ పూట నన్ను నిద్రపోనివ్వలేదు. ఎప్పుడో మరుగున పడిందనుకున్న ఒక పల్లె, అందులో ఒక్కతిగా కూర్చున్న ఇంకో అవ్వ నా కళ్ల ముందుకు వచ్చారు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆంధ్ర రాష్ట్రం కాస్తా ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో ఊళ్లకు బ్లాకులని, సమితులని ఏవేవో వచ్చిపడ్డాయి. జీపు దుమ్ము లేపుకుంటూ వస్తే చాలు, ఏదో ఇచ్చిపోతారని ఒకరు, ఏదో పట్టుకుపోతారని ఇంకొకరు అనుకునేవాళ్లు. నేను అప్పుడే నర్సు చదువు ముగించి, పులివెందుల ఆరోగ్య కేంద్రంలో మంత్రసాని ఉద్యోగానికి చేరాను. పుట్టింది జమ్మలమడుగులో, మిషను కాంపౌండును ఆనుకొని ఉన్న వీధిలో. మా నాయన మిషను బడిలో పంతులు. మా అమ్మ ముఖం నాకు ఫోటోలోదే గానీ మనిషిది గుర్తు లేదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే నాయన కూడా పోయాడు. ఇక మిగిలింది మా అన్న, వదిన. వదిన చాలా మర్యాదస్తురాలు, ఎంత మర్యాదంటే, నేను పుట్టి పెరిగిన ఇంట్లో నాకు చాప పరిచి, మంచినీళ్లు తెచ్చిచ్చి, ఎన్నాళ్లుంటావు అని మెల్లగా అడిగేది. అలా అడిగించుకోవడం ఇష్టం లేక నేను పోవడం తగ్గించుకున్నాను.

పులివెందులలో అద్దెకు గది దొరకడం పెద్ద కథ. పెళ్లికాని ఆడపిల్ల, ఒంటరిది, పైగా మిషను వాళ్ల పిల్ల. మూడు ముక్కలూ వినగానే, ఖాళీగా ఉన్న గదులన్నిటికీ ఉన్నట్టుండి చుట్టాలు వచ్చేసేవాళ్లు. చివరకు గిన్నెలకు కళాయి పూసే ఒక సాయిబు ఇంట్లో, దొడ్డివైపు గది దొరికింది. ఆయన భార్యను, వాళ్ల మాటలో పిన్నమ్మ అన్నట్టు, ఖాలా అని పిలిచేదాన్ని. మంచి మనిషి, ఎప్పుడైనా రొట్టె, పప్పు పంపేది. కానీ ఆమెకూ ఇంటినిండా పిల్లలు, చాకిరీ. సాయంత్రం దుమ్ము కాళ్లతో వచ్చి తలుపు మూసుకున్నానంటే, తెల్లవారి మళ్లీ గొళ్లెం తీసేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు. పల్లెల్లో అయితే పగలంతా మాటలే, కానీ అవి మాటలా? ఎన్నో నెల, ఎన్నో కాన్పు, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి. పురుడు పోసేటప్పుడు నా చెయ్యి కావాలి. బయటికొచ్చి దాహమంటే, చెంబు ఎత్తిపట్టి, నా దోసిట్లో పై నుంచి పోసేవాళ్లు. పోనీ ఊరు ఎడంగా ఉంచిన, వంక అవతలి పల్లెకు పోతే నా వాళ్లలో కలిసిపోదును కదా అంటే, అక్కడ నా తెల్లచీర, చేతి గడియారం చూసి మంచం మీద చెంగుతో దుమ్ము దులిపి, దూరంగా చేతులు కట్టుకొని నిలబడేవాళ్లు. ఎటుపోయినా నేను బయటిదాన్నే.

ఇక ఆ సర్వే సంగతి. ఇప్పటి పిల్లలకు నారికురుపు అంటే ఏమిటో తెలియదు, తెలియకపోవడమే మంచిది. తాగే నీళ్లలో కంటికి కనపడని పురుగు కడుపులోకి పోయి, ఏడాది తిరిగేసరికి కాలి మీద బొబ్బలా లేచి, అది పగిలి, తెల్లటి దారంలాంటి పురుగు బయటికి తల పెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి, రోజుకు కాస్త కాస్తగా, తెగిపోకుండా లాగాలి. తెగిందా, కాలు దిమ్మెలా వాచి మనిషి మంచం పట్టడమే. దిగుడు బావులున్న ఊళ్లన్నిటా ఇది ఉండేది. కురుపున్న కాలితోనే మెట్లు దిగి నీళ్లు ముంచుకుంటారు, పురుగు పిల్లలను ఆ నీళ్లలో వదులుతుంది, ఆ నీళ్లే అందరూ తాగుతారు. మనుషులు నీళ్లలో దిగకుండా, పై నుంచి చేంతాడుతో చేదుకునే బావి ఉంటే చాలు, రోగం దానంతటదే పోతుంది. ఆ ఏడు సమితివాళ్లు నారి ఎక్కువగా ఉన్నచోట చేదబావులు తవ్విస్తామన్నారు. ఎక్కడ ఎక్కువో లెక్క తీసే పని మా ఆరోగ్య కేంద్రం మీద పడింది.

వేముల దగ్గరి ఒక ఊరు. పేరెందుకులెండి, వాళ్ల మనవలు, మునిమనవలు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ ఊరికి ఒకే ఒక బావి మంజూరవుతుంది. ఊళ్లో తవ్వాలా, వంక అవతల పల్లెలో తవ్వాలా అన్నది నారి ఎక్కడ ఎక్కువుందో దాన్నిబట్టి తేలాలి. ఊళ్లో పెద్ద దిగుడు బావి ఉంది, దానిలో పల్లెవాళ్లు కాలు పెట్టకూడదు. పల్లెవాళ్లకు ఉన్నది వంక గట్టున సగం కూలిన ఒక పాత దిగుడు బావి, ఎండాకాలం వస్తే అడుగున పచ్చటి నీళ్లు. మాకు డాక్టరు కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు. నేను శానా అన్నప్పుడల్లా నవ్వుకునేవాడు గానీ, పనిలో నిక్కచ్చి. అంతకుముందు ఒక ఊళ్లో కరణం తన అరుగు మీద నుంచి కదలకుండా ఊరి రోగాలన్నీ నోటితోనే చెప్పి రాయించాడట. అది తెలిసి డాక్టరుగారు ఒక కట్టడి పెట్టాడు. తలుపు తీసి ఉన్న ఇంట్లోకి పోవాలి, కళ్లెదుట కనపడిన మనుషులనే, కాలు చూసి మరీ రాయాలి. ఒకరి గురించి ఇంకొకరు చెప్పే లెక్క వద్దు. మంచి కట్టడే, నాకూ నచ్చింది.

ఊళ్లో మూడు పూటలు తిరిగాం. పాపం ఊళ్లోనూ నారి తక్కువేం లేదు, రెడ్లనీ కోమట్లనీ చూసి పురుగు ఆగదు కదా. డాక్టరుగారు, శానిటరీ ఇన్‌స్పెక్టరు ఊళ్లో మిగిలిన ఇళ్లు చూస్తామని, పల్లెకు నన్ను ఒక్కదాన్నే పంపించారు. వంక దాటి పల్లెలో అడుగుపెట్టానో లేదో ఆగి చుట్టూ చూశాను. మనిషి అలికిడి లేదు. కోడి లేదు, మేక లేదు, పొయ్యి పొగ లేదు. ప్రతి కొట్టం గుమ్మానికీ అడ్డంగా తుమ్మకంప పెట్టి ఉంది. తాళాలు వేసుకోవడానికి అవి తలుపులున్న ఇళ్లా? కంప పెట్టారంటే ఇంటివాళ్లు ఊళ్లో లేరని గుర్తు, కుక్కలు, పశువులు దూరకుండా అది కాపలా. ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. కట్టడి ప్రకారం ప్రతి ఇంటి ఎదుటా మనుషులు లేరని రాసుకుంటూ పోవడమే. ఎండలో నా చెప్పుల చప్పుడు నాకే భయంగా వినపడింది.

చిట్టచివర బోదగడ్డి కప్పిన కొట్టం ముందు మాత్రం కంప లేదు. నీడలో ఒక అవ్వ కాలు చాపుకొని కూర్చుని ఉంది. కాలి మడమ మీద గుడ్డ పీలిక, దానిలో నుంచి చిన్న పుల్ల, పుల్లకు చుట్టిన తెల్లటి పోగు. పక్కన ఒక కడవ, అడుగున గుక్కెడు నీళ్లు. నేను ఎవరో కనుక్కోకుండానే నీళ్లు ముంచుకొచ్చి పెడతావా అని అడిగింది. పోయి తెచ్చాను. ఆ పాచి మెట్లు దిగుతుంటే, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని, నర్సునై ఉండి నేను కూడా కాలు తడపక తప్పలేదు. కడవ దించి, గుడ్డలో వడకట్టి తాగించి, పల్లెంతా ఎక్కడికి పోయిందని అడిగాను.

"యాడికి పోతారు నర్సమ్మా, పసుపు సుగ్గికి పొయ్‌నారు. కాళ్లాడేటోళ్లంతా పొయ్‌నారు. కాలాడని దాన్ని నేనొకదాన్ని ఈడ పడుండా."

సుగ్గి అంటే మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. మెట్ట చేలల్లో పని అయిపోయి, గింజలు అడుగంటే రోజుల్లో, కాలువ కింద పంట చేతికొచ్చే ఊళ్లకు ఇంటిల్లిపాదీ కదిలిపోవడం. ప్రొద్దుటూరు అవతల కాలువ కింది ఊళ్లలో పసుపు తవ్వే కాలం అది. పిల్లా జెల్లా, మేకా కోడీ, చట్టీ కుండా అన్నీ తీసుకొని పోతే ఉగాది దాటితే గానీ తిరిగిరారు. అవ్వ కూతురూ, అల్లుడూ, మనవలూ అందరూ పోయారు. ఆమెకు వండుకోవడానికి జొన్నలు, ఒక కడవ నీళ్లు పెట్టి పోయారు. జొన్నలు మిగిలాయి గానీ నీళ్లు ఎన్నాళ్లుంటాయి? బావి దాకా దేక్కుంటూ పోయి, మెట్లు దిగి, సగం కడవతో దేక్కుంటూ రావడం. ఆమెకు బావి అంటే సమితి మాట కాదు, గొంతు తడి.

ఇంట్లో ఎంతమంది అని అడిగాను, అది నా ఉద్యోగం. అవ్వ కూతురు పేరు, అల్లుడి పేరు, మనవల పేర్లు వరసగా చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికి ఎక్కడ నారి లేచిందో, ఎవరికి పోయిన ఏడు తెగి కాలు వంకరపోయిందో అన్నీ చెప్పింది. నా పెన్సిలు కదలకపోవడం చూసి, ఏం రాసుకోవేం అంది. ఇప్పుడు ఇంట్లో కనపడేవాళ్లనే రాయాలి అవ్వా, లేనివాళ్లను రాయకూడదన్నాను. అప్పుడు ఆమెకు వచ్చిన కోపం నేను ఇంతవరకు మరిచిపోలేదు.

"లేనోళ్లేంది? పోయినోళ్లు మా ఇంటోళ్లు కారా? కంప అడ్డం పెట్టినంత మాత్రాన సచ్చిపొయినట్టేనా? రేపు మళ్లీ వచ్చి ఈ నీళ్లు తాగేది ఎవురు, మీ నాయనా?"

మా నాయన మాట వచ్చేసరికి నాకు ఏడుపు వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆమెకు తెలియదు కదా, కంగారుపడి, దగ్గరకు పిలిచి, నీకు ఇల్లు యాడ, ఎవురుండారు అని ఆరా తీసింది. జమ్మలమడుగు అని, పులివెందులలో గదిలో ఒక్కదాన్నే ఉంటానని, నాయన లేడని చెప్పాను. ఆ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అడిగేది ఎప్పుడూ నేనే. అవ్వ కాసేపు నా ముఖంలోకి చూసి, తేలిగ్గా తేల్చేసింది. "అయితే నువ్వూ సుగ్గికి వచ్చినదానివే గదమ్మే, దాని కోసరం ఏడుస్తారా!" అంది. ఆ మాటకు నవ్వొచ్చింది. ఆ పూట వాళ్ల చట్టిలోనే జొన్న సంకటి తిన్నాను. ఆమె తన చేత్తో ముద్ద చేసి పెట్టింది, పై నుంచి వేయలేదు.

వెనక్కు వచ్చి డాక్టరుగారికి సంగతి చెప్పాను. ఆయన లెక్క కూడి చూస్తే ఊళ్లో కురుపులు దండిగా, పల్లెలో ఒకే ఒక్కటి. ఇదే పైకి పోతే బావి ఊళ్లో పడుతుంది, అందులో సందేహమే లేదు. వాళ్లు తిరిగి వచ్చాక మళ్లీ పోదామన్నాడు ఆయన. కానీ వాళ్లు వచ్చేది ఉగాది తరవాత, కాగితాలు సమితికి చేరాల్సింది ఉగాదికి ముందే. పోనీ అవ్వ చెప్పిన పేర్లు రాద్దామా అంటే తాను పెట్టిన కట్టడి తానే ఎలా తప్పుతాడు? ఆయనా ఇబ్బంది పడ్డాడు. నాకు ఈస్టరు పండగకు సెలవు రావాల్సి ఉంది. ఆ సెలవు కాస్త ముందుకు జరిపి ఇప్పుడే ఇప్పించమన్నాను. పండగకు ఇంటికి పోవా అన్నాడు. పోతే మా వదిన చాప పరుస్తుంది, అంతకంటే పసుపు చేలే నయమని ఆయనకు ఎలా చెప్పను, అక్కడే పని ఉందన్నాను.

ముద్దనూరు మీదుగా బస్సులో పెన్నేరు దాటి, ప్రొద్దుటూరు చేరి, అక్కడి నుంచి కాలువ గట్టు పట్టుకొని నడక. చంకన సంచిలో గాజుగుడ్డ, మందు సీసా, కాగితాలు. ఏ పల్లె నుంచి వచ్చారో అడుగుతూ ఒక్కొక్క పసుపు కళ్లం దగ్గరా ఆగేదాన్ని. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పెద్ద పెద్ద కొప్పెరల్లో పసుపు కొమ్ములు ఉడుకుతుంటే ఆవిరి పచ్చగా లేచేది. అందరి చేతులూ, కాళ్లూ, పంచెలూ, పసిబిడ్డల నోళ్లతో సహా పచ్చగా ఉండేవి. గట్టు మీద ఒక్కదాన్నే నడుస్తూ, చీకటి పడకముందే ఏదో ఒక చర్చి పంతులు ఇంటి పంచ వెతుక్కుంటూ, ఉగాది పండక్కు ఇంటికి పోయే బండ్లను చూస్తూ తిరిగిన ఆ రోజులంత ఒంటరి రోజులు నా జీవితంలో లేవు. ఎవరి కోసం తిరుగుతున్నానో వాళ్లకు నేనెవరో కూడా తెలియదు. దొరకకపోతే ఎవరూ అడిగేదీ లేదు.

దొరికారు. ఒక మామిడితోపు పక్కన వాళ్ల గుడిసెలు, అవ్వ కూతుర్ని ముఖం చూసే గుర్తుపట్టాను, అదే కోపం కళ్లు. కానీ కాళ్లు చూపించమంటే ఒక్కరూ చూపించరు. నారి లేదు గీరి లేదు అంటారు. చూస్తే కొందరు కాళ్లకు మడమల దాకా పసుపూ బురదా కలిపి మెత్తి ఉంది, పని వల్ల అంటిన పసుపు కాదది. నాకు మొదట అర్థం కాలేదు, తరవాత అవ్వ కూతురే విసుగ్గా చెప్పింది. "సూపిస్తే కూలీల మేస్త్రి రోగం మనుషులని ఇంటికి పంపిస్తాడు. పొయ్యి ఏం తినాల?" కురుపు మీద పసుపు మెత్తితే రెండు పనులు, మందుకు మందు, మరుగుకు మరుగు. ఎవరి కాలు వాచినా ఎవరూ కుంటకుండా తవ్వుతున్నారు. మడిలో పలుగు వేసి తొక్కినప్పుడల్లా ఎలా ఓర్చుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

అప్పుడు వాళ్లకు బావి సంగతి చెప్పాను. వాళ్ల పల్లెకు బావి పడాలంటే వాళ్ల కాళ్లు లెక్కలోకి రావాలని, ఇక్కడ దాచిపెడితే అక్కడ లేనట్టే అవుతుందని, అవ్వ నీళ్ల కోసం దేక్కుంటూ పోతోందని చెప్పాను. నమ్మలేదు. "బాయా? మా పల్లెకా? మాకెవురు తవ్విస్తారు?" అని ఒకాయన నవ్వాడు. నాకు మాత్రం నమ్మకం ఎక్కడుంది? తవ్విస్తారని ప్రమాణం చేయలేను, లెక్క మాత్రం పైకి పంపిస్తానన్నాను. అమ్మ దేక్కుంటూ పోతాందా అని కూతురు మళ్లీ అడిగింది. అవునన్నాను. ఆమె లేచి, కాలువలో దిగబోయి, నేను వద్దని అరిస్తే ఆగి, చెంబుతో నీళ్లు గట్టు మీదికి తెచ్చుకొని, కాలి పసుపు కడిగేసుకొని, ఆ కాలు నా ముందు పెట్టింది. తల్లి కాలికి ఉన్నచోటే కూతురికీ ఉంది. ఆ తరవాత ఒకరి వెనుక ఒకరు వచ్చారు. పని ముగిసిన వేళకు, మేస్త్రి అటుపోయినప్పుడు, కొప్పెర మంట వెలుతురులో కట్లు కట్టుకుంటూ, రాసుకుంటూ రెండు సాయంత్రాలు గడిపాను. మేస్త్రికి తెలియక పోదు, తెలిసింది. కానీ ఆయన కాలికీ కురుపు ఉండటం వల్ల గమ్మున ఊరుకున్నాడు.

కాగితాలు తెచ్చి డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన అన్నీ తిప్పి చూసి, ప్రొద్దుటూరు తాలూకాలో తీసిన లెక్క పులివెందుల బావికి ఎలా పనికొస్తుందండీ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎండలో తిరిగిన మనిషిని కదా, నోరు కాస్త జారింది. మనుషులు ఆ పల్లెవాళ్లే, కాళ్లూ ఆ పల్లెవే, పురుగూ ఆ పల్లె బావి నీళ్లదే, తాలూకా హద్దు చూసి పురుగు బయటికి వస్తుందా, కళ్లతో చూసి రాయమన్నారు, చూసే రాశాను అని మన యాసలోనే గట్టిగా అనేశాను. ఈసారి నా యాసకు ఆయన నవ్వలేదు. పల్లె లెక్క కొట్టేసి మళ్లీ రాశాడు, కింద సంతకం పెట్టాడు. సమితిలో పెద్ద గొడవే అయిందని తరవాత విన్నాను. ఊరివాళ్లు ఊరుకోలేదు, వాళ్ల బాధా వాళ్లది. చివరికి బావి పల్లెకే పడింది, ఊళ్లో దిగుడు బావికి మెట్లు మూసేసి గిలకలు పెట్టించే ఏర్పాటు ఇంకెప్పుడో జరిగిందట.

బావి తవ్వడం నేను చూడలేదు. పలుగు పడకముందే నన్ను పెద్దముడియం వైపు బదిలీ చేశారు. ఎవరి పుణ్యమో నేను అడగలేదు, బదిలీలు మాకు కొత్తా? పెట్టె సర్దుకొని, ఖాలాకు చెప్పి, బస్సెక్కాను. అవ్వకు చెప్పిరావాలని ఉండింది, బస్సు అటు వైపు పోదు. ఆ తరవాత ఊళ్లు మారాయి, గదులు మారాయి, నేను పోసిన పురుళ్ల బిడ్డలకు బిడ్డలు పుట్టారు. పెళ్లి మాట ఒకటి రెండుసార్లు వచ్చి, ఎందుకో నిలవకుండా పోయింది. రోజూ పొద్దున లేచి, తెలియని గడపల ముందు నిలబడి, మీ ఇంట్లో ఎంతమంది అని అడుగుతూనే ఉన్నాను.

చాలా ఏళ్లకు, ఒక శ్రావణమాసంలో, గండి తిరునాళ్లలో కలరా సూదులు వేసే డ్యూటీ పడింది. తిరిగివచ్చేటప్పుడు జీపును బతిమాలి వేముల దాకా పోయి, అక్కడి నుంచి నడిచి ఆ పల్లెకు పోయాను. వంక దాటగానే గిలక చప్పుడు వినిపించింది. పల్లె నడుమ నాపరాళ్ల ఒరతో బావి, చుట్టూ ఆడవాళ్లు, అరుపులు, నవ్వులు, ఎవరి కాలికీ గుడ్డ పీలికలు లేవు. చివరి కొట్టం ముందు ఇప్పుడు కూతురు కూర్చొని ఉంది, జుట్టు నెరిసింది. అవ్వ పోయి అప్పటికి కొన్నేళ్లయిందట. బావి నీళ్లు తాగిందా అని అడిగాను. ఎందుకు తాగలేదు, కడవ పట్టుకొని రోజుకు పదిసార్లు తానే చేదుకొచ్చుకునేది, మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదని చెప్పి నవ్వింది. తరవాత నన్ను పరీక్షగా చూసి, నువ్వు మా నర్సమ్మవే కదా అని, ఒక మాట చెప్పింది.

నేను బదిలీ అయిపోయాక ఎప్పుడో, మలేరియా వాళ్లు వచ్చి ఇళ్ల గోడల మీద లెక్కలు రాసుకుంటూ, ఇంట్లో ఎంతమంది అని అడిగారట. అందరూ ఇంటి దగ్గరే ఉన్నారు, కంపలు లేవు. కూతురు ఒక్కొక్కరి పేరూ చెప్పి ముగించబోతే అవ్వ లోపల నుంచి అడ్డం వచ్చిందట. "ఇంగొకతుండాది నాయనా, మా నర్సమ్మ. సుగ్గికి పొయింది, వస్తాది. రాసుకో" అనిందట. వాళ్లు నవ్వుకొని రాసుకున్నారో లేదో తెలియదు. ఆ తరవాత ఎవరు వచ్చి అడిగినా, చనిపోయేదాకా అవ్వ ఆ లెక్క మార్చలేదట. నేను లేచి ఆ బావి దగ్గరకు పోయి, ఒక చేద నీళ్లు తోడుకొని ముఖం కడుక్కున్నాను.

మొన్నటి పిల్ల ఆ సాయంత్రం రాలేదు. మరునాడు వచ్చింది, చీకటి పడబోతుండగా, మాట నిలబెట్టుకుంది. పక్క వాటా తలుపు తీసి ఉంది. బిడ్డ దగ్గు రాసుకుంది, ఎన్నాళ్లుగా అని అడిగింది, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకురమ్మని గట్టిగా చెప్పింది. నేను గోడ ఇవతల నిలబడి అంతా విన్నాను. పోతూ పోతూ మా గేటు వైపు చెయ్యి ఊపి వెళ్లిపోయింది, నా లెక్క ముందురోజే అయిపోయింది కదా.

ఇప్పుడు నారికురుపు లేదు. ఆ చేదబావులు కూడా ఎండిపోయి, బండలు కప్పుకొని ఉన్నాయి, నీళ్లు డబ్బాల్లో ఇంటికొస్తున్నాయి. వలస పోయేవాళ్లు సుగ్గి అనరు, గుమ్మానికి కంప పెట్టరు, తాళం వేసుకొని ఎక్కడెక్కడికో పోతున్నారు. లెక్కలు వేలి కొనతో అయిపోతున్నాయి, తప్పులూ తక్కువే. నా గురించి ఆ పిల్ల నొక్కుకున్నదీ తప్పు కాదు, ఈ ఇంట్లో ఉండేది ఒక్కదాన్నే. అయితే ఒకప్పుడు వంక అవతల ఒక బోదకొట్టంలో, నేను లేని ఇంట్లో, నన్ను ఇంటి మనిషిగా లెక్క చెప్పిన అవ్వ ఒకతి ఉండేది. ఆమె ఉన్నన్నాళ్లూ నేను ఒంటరిదాన్ని కాను. ఆ సంగతి నాకు తెలిసేనాటికి ఆమె లేదు.